మెడలో నాలుగు దారులు - థామస్ విల్లిస్

మెదడుకు రక్తం ఎలా అందుతుందో పాఠం చెప్పే ప్రతి ఉపాధ్యాయుడికీ తెలియాల్సిన పేరు థామస్ విల్లిస్. ఇంగ్లాండులోని గ్రేట్ బెడ్విన్ గ్రామంలో 1621 జనవరి 27న జన్మించారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివే రోజుల్లో అంతర్యుద్ధం రావడంతో రాజు పక్షాన సైన్యంలో చేరారు. 1646లో వైద్య పట్టా పొంది, తొలినాళ్లలో సంతలకు వెళ్లి రోగులను చూసేవారు.

1650 డిసెంబరులో ఆన్ గ్రీన్ అనే పనిమనిషిని ఆక్స్‌ఫర్డ్‌లో ఉరితీశారు. సుమారు అరగంట తర్వాత దించి, శరీర పరిశీలనకు విలియం పెట్టీ అనే వైద్యుడికి అప్పగించారు. పెట్టె తెరిచేసరికి ఆమెలో ఇంకా ఊపిరి ఆడుతోంది. పెట్టీ, విల్లిస్ తదితరులు ఒళ్లు రుద్ది, వెచ్చగా ఉంచి బతికించారు. ఆమెకు క్షమాభిక్ష దొరికింది, తర్వాత పెళ్లయి పిల్లలూ కలిగారు.

1660లో విల్లిస్ ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యులయ్యారు. వేరే జబ్బుతో చనిపోయిన ఒకరి శరీరాన్ని పరీక్షించినప్పుడు, మెడలో ఒక వైపు పెద్ద ధమని పూర్తిగా మూసుకుపోయి కనిపించింది. అయినా ఆ మనిషికి బతికినంతకాలం పక్షవాతం రాలేదు. కారణం మెదడు అడుగున ఉంది. మెడ ముందు భాగం నుంచి రెండు, వెన్నుపూసల రంధ్రాల గుండా రెండు, మొత్తం నాలుగు ధమనులు పైకి వెళ్తాయి. వాటి కొమ్మలు అక్కడ ఒక వలయంగా కలుస్తాయి. ఒక దారి మూసుకుపోతే మిగిలినవి ఆదుకుంటాయి. ఈ వలయాన్ని అంతకుముందే కొందరు చూశారు. అది ఎందుకుందో వివరించింది విల్లిస్. 1664లో వెలువడిన ఆయన లాటిన్ గ్రంథానికి క్రిస్టఫర్ రెన్ బొమ్మలు గీశారు. నేటికీ దానిని విల్లిస్ వలయం అంటారు.

మనం తల పక్కకు బాగా తిప్పినప్పుడు రెండో వైపు వెన్నుపూస ధమని కాస్త సాగి సన్నబడవచ్చు. అయినా చాలామందికి కళ్లు తిరగకపోవడానికి కారణం మిగతా దారులు, ఈ వలయమే. కానీ వలయం అందరిలోనూ పూర్తిగా ఉండదు. పైగా మెడను రెండు వైపులా నొక్కితే, ఆదుకోవలసిన దారులే మూసుకుపోతాయి. కొద్ది సెకన్లలోనే స్పృహ తప్పుతుంది. మెడను ఒక్కసారిగా మెలితిప్పితే, అరుదుగానైనా ధమని లోపలి పొర చిరిగి పక్షవాతం రావచ్చు.

అందుకే ఆటలో మెడకు చెయ్యి వేసి బిగించడం, తల పట్టుకుని పిల్లల్ని పైకెత్తడం, మెడ విరవడం వద్దని ఇంట్లోనూ బడిలోనూ గట్టిగా చెప్పాలి. రక్తప్రసరణ పాఠం చెప్పే రోజు అందుకు తగిన సమయం. పిల్లలు ఇంట్లో మాట్లాడే భాషలోనే చెబితే, ఆ మాట ఆటస్థలం దాకా వెళ్తుంది.

విల్లిస్ 1675 నవంబరు 11న లండన్‌లో కన్నుమూశారు. ఆయన సమాధి వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో ఉంది.