మైదానమే పాఠశాలగా – సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్

పలకలకు పేరెన్నికగన్న మార్కాపురం ప్రాంతంలో పెరిగిన మనకు పలక మహిమను వేరుగా చెప్పనక్కరలేదు. తప్పిన అక్షరాన్ని తుడిపించి, మరల దిద్దించడమే ఉపాధ్యాయ ధర్మం. ఆ ధర్మాన్ని ఫుట్‌బాల్ మైదానంలో ఆచరించి చూపిన మహనీయుడు జనాబ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్. ఆయన జీవితాన్ని మా విద్యార్థుల ముందుంచడం మా విధిగా భావిస్తున్నాము.

రహీం సాహెబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయ జట్టులో ఆడారు. అనంతరం ఉపాధ్యాయ వృత్తిని చేపట్టారు. ఆటగాడిగా ఆయనకు లభించిన ఖ్యాతి పరిమితమే. కాని తాను ఆడడంకన్నా ఇతరులచేత ఆడించడంలోనే ఆయన ప్రతిభ రాణించింది. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు పర్యాయాలు రోవర్స్ కప్ గెలుచుకున్నది.

ఆయన బోధనా పద్ధతి విలక్షణమైనది. బంతిని తన వద్దనే ఉంచుకొని ఒంటరిగా పరుగులు తీయడాన్ని నిషేధించి పోటీలు నడిపేవారు. దానితో సహచరునికి బంతి అందించడం ఆటగాళ్లకు అలవడింది. బలహీనమైన కాలితోనే ఆడవలెనని మరొక నియమం. లోపమెక్కడ ఉన్నదో అక్కడే సాధన చేయించడం ఆయన మార్గం.

భారత జట్టు శిక్షకులుగా 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో ఆయన స్వర్ణం సాధించి పెట్టారు. మరుసటి సంవత్సరమే పరాభవం ఎదురైంది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో చలిలో, పలువురు ఆటగాళ్లు బూట్లు లేకుండానే ఆడగా, యుగోస్లావియా చేతిలో మన జట్టు 10–1 తేడాతో ఓడిపోయింది. మరొకరైతే విధిని నిందించి ఊరకుండేవారేమో! రహీం సాహెబ్ ఆ ఓటమిని పాఠంగా స్వీకరించారు. మన వారు బూట్లు ధరించి ఆడడం అలవరచుకున్నారు. ఆట తీరు మారింది.

ఫలితం 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో కనిపించింది. ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి, సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టుగా భారత్ నిలిచింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశారు. హైదరాబాదు మైదానాలలో రూపుదిద్దుకున్న నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరామ్ ఆ జట్టులోని వారే. సెమీఫైనల్‌లో ఎదురైనది ఆ యుగోస్లావియాయే. ఈసారి తొలి గోల్ మనదే. చివరకు 4–1తో ఓడినా, నాలుగేండ్లలో మన ఆట ఎంత ఎదిగినదో లోకానికి తెలిసింది. జట్టు నాల్గవ స్థానంతో తిరిగి వచ్చింది.

ఇక 1962 జకార్తా ఆసియా క్రీడలు. ఇజ్రాయెల్, తైవాన్‌లను అనుమతించకపోవడంపై భారత ప్రతినిధి ఒకరు అభ్యంతరం తెలిపినందున అక్కడి ప్రేక్షకులు మన వారిపై ఆగ్రహంతో ఉన్నారు. తొలి పోటీలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడిపోయాము. రక్షణ స్థానంలో ఆడే జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం సాహెబ్ ఆయనను ముందు వరుసలో నిలిపారు. సెప్టెంబరు 4న, సుమారు లక్షమంది ప్రేక్షకుల ఎదుట, ఆ దక్షిణ కొరియానే 2–1తో ఓడించి స్వర్ణం గెలిచాము. గోల్స్ చేసినవారు పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్.

ఆ తరువాత తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, క్యాన్సర్ వ్యాధి ఆయనను కబళించింది. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశానికి మరల స్వర్ణం లభించలేదు. 1960 రోమ్ తరువాత మన జట్టు ఒలింపిక్స్‌లో అడుగుపెట్టనూ లేదు. ఆయన జీవితం ఆధారంగా ‘మైదాన్’ అనే హిందీ చలనచిత్రం 2024లో విడుదలయ్యేవరకు నేటి యువతలో ఎందరికో ఆయన పేరైనా తెలియదు. గోల్ చేసినవాని పేరు మారుమ్రోగుతుంది, నేర్పినవాని పేరు మరుగున పడుతుంది. ఇది లోకరీతి కావచ్చును, న్యాయం మాత్రం కాదు.

విద్యార్థులారా! గిద్దలూరు, మార్కాపురం పరిసరాల ఎర్రమట్టి బయళ్లలో ఉత్తకాళ్లతో ఆడుకొనే బాలురకు రహీం సాహెబ్ జీవితం పరాయి కథ కాదు. పరీక్షలో గాని, ఆటలో గాని తప్పినప్పుడు పలకను పగులగొట్టకండి. తుడిచి, మరల రాయండి. రేపు మీలో ఎవరైనా ఉపాధ్యాయులైతే, మీ శిష్యుల విజయాన్నే మీ పతకంగా ఎంచండి. ఆ మహనీయునికి మనం అర్పించగల నివాళి అదియే.