బొగ్గు బావిలోకి దిగిన పరిశోధకుడు

గత డిసెంబరు 6న రామగిరి మండలంలోని ఒక గ్రామంలో జరిగిన అంబేడ్కర్ వర్ధంతి సభకు వెళ్లాను. పూలమాలలు, ప్రసంగాలు ముగిసి నాయకులు వెళ్లిపోయిన తర్వాత ఒక విద్యార్థిని నా దగ్గరకు వచ్చి, అంబేడ్కర్ గారు అసలు ఏ సబ్జెక్టులో పరిశోధకుడని అడిగింది. అర్థశాస్త్రమా, న్యాయశాస్త్రమా, సమాజశాస్త్రమా అన్నది ఆమె సందేహం. అది పోటీ పరీక్ష కోసం అడిగిన ప్రశ్న కాదు. ఓపెన్‌కాస్ట్ గని కింద ఊరి భూమి పోయినప్పుడు, పట్టా లేని దళిత కూలీ కుటుంబాలకు ఏమి మిగిలిందో, వారి ఆరోగ్యం ఏమయిందో పరిశోధించాలని ఆమె కోరిక. ఒక విశ్వవిద్యాలయంలో ఆమె ప్రతిపాదనను చూసిన అర్థశాస్త్ర విభాగం అది సమాజశాస్త్రానికి చెందినదన్నదట. సమాజశాస్త్ర విభాగం అది ప్రజారోగ్యమన్నదట. మరొకరు న్యాయశాస్త్రం వైపు చూపించారట. సమస్య ఉన్నదని అందరూ ఒప్పుకున్నారు. అది తమదని ఎవరూ అనలేదు.

నేను బొగ్గు బావిలో కోల్ ఫిల్లర్‌గా పనిచేసిన తండ్రికి పుట్టినవాణ్ని. మా బాపుతో పాటు తట్టా చెమ్మస్ పట్టి టబ్బులు నింపినవారిలో నాకు తెలిసినవారంతా దళిత, బహుజన కులాలవారే. ఎందుకలా ఉన్నదన్న ప్రశ్న నాకు చిన్ననాడే కలిగింది. విశ్వవిద్యాలయంలో చేరాక ఆ ప్రశ్న ముక్కలైపోయింది. కూలి ఒక శాఖకు, కులం ఒక శాఖకు, దగ్గు మరొక శాఖకు వెళ్లాయి. అందుచేత ఆ విద్యార్థినికి ఒక మాటలో జవాబు చెప్పలేక, అంబేడ్కర్ జీవితాన్నే ఒక పరిశోధకుడి జీవితంగా చెప్పాను. రాజ్యాంగ నిర్మాతగా ఆయన అందరికీ తెలుసు. బొగ్గు కార్మికుల మంత్రిగా ఆయన మన బొగ్గు పట్టణాల్లోనే చాలామందికి తెలియదు.

1891 ఏప్రిల్ 14న మౌలో పుట్టిన భీమరావు, బరోడా సంస్థానం ఇచ్చిన విద్యార్థి వేతనంతో 1913లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి చేరాడు. చదువు ప్రధానంగా అర్థశాస్త్రం. అయినా చరిత్ర, తత్వశాస్త్రం, మానవశాస్త్రం, సమాజశాస్త్రం తరగతుల్లోనూ కూర్చున్నాడు. సెలిగ్మన్ వద్ద ప్రభుత్వ ఆర్థిక వ్యవహారాలు, జాన్ డ్యూయీ వద్ద తత్వశాస్త్రం విన్నాడు. 1916 మేలో గోల్డెన్‌వైజర్ నిర్వహించిన మానవశాస్త్ర సదస్సులో భారతదేశపు కులాలపై పత్రం సమర్పించాడు. అప్పటికి ఆయన వయస్సు 25 ఏళ్లు.

ఆ పత్రంలోని తర్కం నేటికీ పదునైనదే. కులానికి మూలం స్వకుల వివాహమన్నది ఆయన నిర్ణయం. ఒక సమూహం తనలో తానే పెళ్లిళ్లు చేసుకోవాలంటే స్త్రీ పురుషుల సంఖ్య సమంగా ఉండాలి. భర్త చనిపోతే భార్య, భార్య చనిపోతే భర్త ఆ లెక్కలో మిగిలిపోతారు. మిగిలిన స్త్రీని భర్తతో దహించడమో, జీవితాంతం వైధవ్యంలో బంధించడమో చేశారు. మిగిలిన పురుషునికి ఈడురాని బాలికను కట్టబెట్టారు. ఆచారాలుగా కనిపించే సతి, నిర్బంధ వైధవ్యం, బాల్య వివాహం వెనుక కులాన్ని నిలబెట్టే యంత్రాంగం ఉన్నదని ఆయన చూపాడు. జనసంఖ్య లెక్కను, మానవశాస్త్రాన్ని, స్త్రీల స్థితిని ఒకే ప్రశ్న కింద నిలబెట్టిన పరిశోధన అది.

విద్యార్థి వేతనం గడువు ముగియడంతో 1917లో లండన్ చదువును మధ్యలో ఆపి తిరిగి రావలసివచ్చింది. బరోడాలో ఉన్నత ఉద్యోగం దొరికినా ఉండడానికి గది దొరకలేదు. పార్సీల సత్రంలో తలదాచుకుంటే అక్కడి నుంచీ వెళ్లగొట్టారు. 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో ఆచార్యుడయ్యాక, అధ్యాపకుల గదిలోని కుండ నుంచి ఆయన నీళ్లు తీసుకోవడానికి సహోద్యోగుల్లో కొందరు అభ్యంతరపెట్టారు. కొలంబియా పట్టా ఆ కుండ దగ్గర పనికిరాలేదు.

అదే సంవత్సరం ఆయన చిన్న కమతాల సమస్యపై ఒక వ్యాసం ప్రచురించాడు. పొలాలు ముక్కలు కావడమే పేదరికానికి కారణమని, వాటిని కలిపితే చాలని నాటి నిపుణులు చెబుతున్నారు. కమతం చిన్నదా పెద్దదా అన్నది విస్తీర్ణం ఒక్కదానితో తేలదని, దానిపై పెట్టే శ్రమ, పెట్టుబడుల నిష్పత్తిని బట్టి తేలుతుందని అంబేడ్కర్ వాదించాడు. భూమిపై పని లేని చేతులు ఎక్కువయ్యాయి, ఆ చేతులకు పరిశ్రమల్లో పని చూపకుండా సర్వే రాళ్లు మార్చి లాభం లేదన్నది దాని సారాంశం. పొలం వదిలి బాయి పనికి వచ్చిన మన తాతల కథను వ్యవసాయ అర్థశాస్త్ర భాషలో ముందే చెప్పినట్టు ఉంటుంది ఆ వ్యాసం.

1920లో మళ్లీ లండన్ వెళ్లి, 1923లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ నుంచి డీఎస్సీ పొందాడు. రూపాయి సమస్యపై రాసిన ఆ సిద్ధాంత గ్రంథం అదే ఏడాది అచ్చయింది. బారిస్టర్ కూడా అయ్యాడు. బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థపై కొలంబియా కోసం చేసిన పరిశోధన 1925లో వెలువడింది. అంటరాని కులంలో పుట్టినవాడికి రూపాయి మారకంతో పనేమిటని కొందరు నేటికీ అడుగుతారు. హిల్టన్ యంగ్ కమిషన్ ముందు ఆయన చెప్పిన సాక్ష్యంలోనే దానికి సమాధానం ఉంది. రూపాయి విలువ తగ్గితే ధరలు పెరుగుతాయి. ధరలు పెరిగినంత వేగంగా కూలి పెరగదు. వ్యాపారికి దక్కే లాభం కూలివాడి కంచం నుంచి పోతుంది. ద్రవ్యశాస్త్రంలో కూడా ఆయన వెతికింది నష్టపోయేది ఎవరన్నదే.

1927 మార్చి 20న మహద్ చౌదార్ చెరువు నీటిని వేలమందితో కలిసి తాగిన తర్వాత ఆయన జీవితం ఉద్యమంలో కలిసిపోయింది. అయినా పరిశోధకుడి కన్ను మూతపడలేదు. బొంబాయి బట్టల మిల్లుల్లో మెరుగైన కూలి దొరికే నేత విభాగంలోకి అంటరాని కులాల కార్మికులను రానివ్వలేదు. తెగిన దారాన్ని నోటితో తడిపి అతకవలసి ఉంటుందన్నది అందుకు చూపిన సాకు. అడ్డుపడినవారిలో తోటి కార్మికులే ఉన్నారు. కులం శ్రమను మాత్రమే కాక శ్రామికులనే విభజిస్తుందన్న ఆయన సిద్ధాంతానికి ఆ మిల్లులే ఆధారం. ఈ పరిశీలన అర్థశాస్త్ర పాఠంలో లేదు, సమాజశాస్త్ర పాఠంలోనూ లేదు. రెండూ తెలిసినవాడు కార్మికవాడలో నివసించినందువల్ల అది దొరికింది. 1928లో బొంబాయి ప్రభుత్వం వేసిన స్టార్టే కమిటీలో సభ్యుడిగా, అణగారిన వర్గాల, ఆదివాసుల చదువు, ఆర్థిక, సామాజిక స్థితిగతులను ఆయన కలిపి పరిశీలించాడు. 1936లో స్వతంత్ర కార్మిక పార్టీని స్థాపించాడు.

ఇక బొగ్గు దగ్గరకు వస్తాను. 1942 జులైలో ఆయన వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడయ్యాడు. నేటి లెక్కలో కేంద్ర కార్మిక మంత్రి. గనులు, విద్యుత్తు, సాగునీరు కూడా నాడు ఆ శాఖ కిందే ఉండేవి. యుద్ధకాలంలో బొగ్గు కొరత ఏర్పడి, ఉత్పత్తి పెంచాలన్న ఒత్తిడి వచ్చింది. 1943 డిసెంబరులో ఆయన ధన్‌బాద్ బొగ్గు ప్రాంతానికి వెళ్లి, స్వయంగా గనిలోకి దిగి పనిని చూశాడు. కార్మికుల ఇళ్లనూ చూశాడు. 1944 జనవరిలో బొగ్గు గని కార్మికుల సంక్షేమ నిధి ఆర్డినెన్సు వచ్చింది. గని నుంచి బయటికి వెళ్లే బొగ్గుపై టన్నుకు ఇంత అని సుంకం విధించి, ఆ సొమ్మును ఇళ్లకు, తాగునీటికి, వైద్యానికి, చదువుకు ఖర్చు చేయాలన్నది దాని పద్ధతి. 1947లో అది శాశ్వత చట్టమయింది.

ఇందులో ఎన్ని శాస్త్రాలు కలిశాయో గమనించండి. కార్మికుని సంక్షేమం యజమాని దయ కాదని, బొగ్గు ధరలోనే చేరవలసిన ఖర్చని నిర్ణయించినది అర్థశాస్త్రం. దానిని వసూలు చేయగల హక్కుగా మార్చినది న్యాయశాస్త్రం. కూలితో పాటు ఇల్లు, నీరు, బడి లేనిదే ఆ కుటుంబం తలెత్తుకోలేదని గ్రహించినది సమాజశాస్త్రం. అదే పదవీకాలంలో దామోదర్ లోయ ప్రణాళికకు పునాది పడింది. 1946లో ఫ్యాక్టరీల చట్ట సవరణ ద్వారా వారానికి 54 గంటల పని 48 గంటలకు తగ్గింది.

ఆ కాలపు మరొక ముఖాన్ని దాచడం ఆయనకు గౌరవం కాదు. స్త్రీలు భూగర్భ గనుల్లో పనిచేయరాదన్న నిషేధాన్ని 1943లో ప్రభుత్వం ఎత్తివేసింది. చట్టసభలో తీవ్ర విమర్శ వచ్చింది. కార్మిక సభ్యుడిగా అంబేడ్కరే దానిని సమర్థించవలసివచ్చింది. ఇది యుద్ధకాలపు తాత్కాలిక చర్య అని, పురుషులతో సమానమైన పనికి సమానమైన కూలి ఇస్తున్నామని ఆయన వాదం. 1946 ఫిబ్రవరిలో నిషేధం తిరిగి అమల్లోకి వచ్చింది. గని స్త్రీల ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని మెరుగుపరిచిన మంత్రీ ఆయనే. పరిశోధకుడు అధికారంలోకి వెళితే తన జ్ఞానమంతా అమలవుతుందని అనుకోవడం అమాయకత్వం. ప్రభుత్వపు అవసరం పక్కన నిలబడి, నష్టం ఎవరిపై పడుతున్నదో లెక్క కట్టి, దానిని తగ్గించే నిబంధన కోసం పోరాడవలసి ఉంటుంది. ఆ నిర్ణయం నన్ను నేటికీ ఇబ్బందిపెడుతుంది. విద్యార్థులకు దానిని దాచకుండా చెబుతాను.

ఈ చట్టాల ఫలితం వెంటనే మన సింగరేణికి రాలేదు. బ్రిటిష్ ఇండియా చట్టాలు నిజాం రాజ్యానికి నేరుగా వర్తించేవి కావు. 1920లో కంపెనీగా ఏర్పడిన సింగరేణి, 1945లో హైదరాబాద్ ప్రభుత్వం చేతికి వచ్చింది. 1948లో హైదరాబాద్ విలీనమైన తర్వాతే కేంద్ర చట్టాల నీడ ఇక్కడికి క్రమంగా చేరింది. అయితే ఆయన మన నేలకు దూరంగా ఉండలేదు. నాడు హైదరాబాద్ రాష్ట్రంలో భాగమైన ఔరంగాబాద్‌లో 1950లో ఆయన సంస్థ కళాశాల ప్రారంభించింది. అదే నేటి మిలింద్ కళాశాల. 1953 జనవరి 12న ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

1916లో విద్యార్థిగా కనుగొన్న సత్యాన్ని ఆయన 35 ఏళ్ల తర్వాత చట్టంగా మార్చబోయాడు. స్త్రీలకు ఆస్తి, విడాకులు, కులాంతర వివాహానికి చట్టబద్ధత ఇచ్చే హిందూ కోడ్ బిల్లు అదే. అది ముందుకు సాగకపోవడంతో 1951లో న్యాయమంత్రి పదవి వదులుకున్నాడు. ఒక పరిశోధన పత్రంలోని నిర్ణయం కోసం మంత్రి పదవిని వదులుకున్న ఆచార్యులు మన చరిత్రలో ఎందరున్నారు? 1956 డిసెంబరు 6న కన్నుమూసే నాటికి బౌద్ధంపై గ్రంథం ఆయన బల్ల మీదే ఉంది.

కనుక ఆయనది ఏ సబ్జెక్టు? ఆయన ముందు ప్రశ్నను ఎంచుకున్నాడు. ఆ ప్రశ్నకు ఏ శాస్త్రం అవసరమైతే దానిని నేర్చుకున్నాడు. మన విశ్వవిద్యాలయాలు ముందు శాఖను ఎంచుకోమంటున్నాయి, తర్వాత ఆ శాఖలో ఇమిడే ప్రశ్నను వెతుక్కోమంటున్నాయి. ఈ తేడా చిన్నది కాదు. శాఖల సరిహద్దుల మధ్య జారిపోయే సమస్యల్లో ఎక్కువ భాగం అట్టడుగు కులాలవే. ఓపెన్‌కాస్ట్ కింద పోయిన అసైన్డ్ భూమి రెవెన్యూ చట్టానికి సంబంధించినది. ఆ భూమిపై కూలి చేసినవాడు 2013 భూసేకరణ చట్టం ప్రకారం బాధిత కుటుంబమే. కానీ మూడేళ్లుగా అదే అతని జీవనాధారమని ఎవరు సర్వే చేసి నిరూపించాలి? ధూళితో వచ్చే న్యుమోకోనియోసిస్ వైద్యానికి సంబంధించినది. పర్మినెంట్ కార్మికుడికి, కాంట్రాక్టు కార్మికుడికి జరిగే పరీక్షల్లో తేడా ఉంటే అది కార్మిక చట్టానికి సంబంధించినది. ఆ కాంట్రాక్టు పనిలో ఏ కులాలవారు ఎందరన్నది సమాజశాస్త్రం. ఒకే మనిషి శరీరంలో ఇవన్నీ ఉంటాయి. ఫైళ్లు మాత్రం వేర్వేరు గదుల్లో ఉంటాయి.

2024-25లో తెలంగాణ ప్రభుత్వం ఇంటింటి కులసర్వే జరిపింది. జనాభాలో వెనుకబడిన తరగతులు 56.33 శాతం, షెడ్యూల్డ్ కులాలు 17.43 శాతం, షెడ్యూల్డ్ తెగలు 10.45 శాతమని ప్రకటించింది. చర్చ అంతా రిజర్వేషన్ శాతాల చుట్టూ తిరుగుతున్నది. అది అవసరమే. కానీ ఆ వివరాలను భూమి, వృత్తి, ఆరోగ్యం, చదువులతో కలిపి చదివేవారు లేకపోతే, అంకెలు ప్రసంగాలకు తప్ప ఎందుకూ ఉపయోగపడవు.

చేయగలిగినది దగ్గరలోనే ఉంది. సెంటినరీ కాలనీలో ఇంజినీరింగ్ కళాశాల ఉంది. గోదావరిఖనిలో మెడికల్ కళాశాల ఉంది. కరీంనగర్‌లో శాతవాహన విశ్వవిద్యాలయం ఉంది. ధూళిని కొలిచేవారు, ఊపిరితిత్తులను పరీక్షించేవారు, కుటుంబాల స్థితిని నమోదు చేసేవారు ఒకే గ్రామానికి కలిసి వెళ్లడానికి కొత్త సంస్థలు అక్కర్లేదు. రెండు శాఖల నుంచి ఇద్దరు పర్యవేక్షకులను అనుమతించే ఉత్తర్వు, గ్రామస్థులకు తెలుగులో ఫలితాలు వివరించాలన్న నియమం, ఆ ఊళ్ల నుంచే వచ్చిన దళిత, ఆదివాసీ, బహుజన విద్యార్థులకు పరిశోధన వేతనం చాలు. అంబేడ్కర్‌ను అంబేడ్కర్‌గా చేసినవాటిలో నెలనెలా అందిన ఒక విద్యార్థి వేతనం కూడా ఉన్నదని, అది ఆగినప్పుడు ఆయన చదువు కూడా ఆగిందని మరువరాదు.

ఆ విద్యార్థిని వచ్చే విద్యా సంవత్సరం మళ్లీ దరఖాస్తు చేస్తానన్నది. తన ప్రశ్నను చిన్నది చేసుకోవాలా అని అడిగింది. వద్దని చెప్పాను. మార్చుకోవలసింది ఆమె ప్రశ్నను కాదు, దానికి చోటు లేదంటున్న మా గదుల గోడలను. ఆ పని ఆచార్యులమైన మాది. విగ్రహానికి మాల వేసి వచ్చిన చేత్తోనే ఆమె దరఖాస్తుపై సంతకం చేయలేకపోతే, మేము డిసెంబరు 6న సభలకు వెళ్లడంలో అర్థం లేదు.