కేరీగారి ఇంటిలో మూసిన గది

విలియం కేరీగారి పేరు ఎరుగని క్రైస్తవ గృహము మనలో అరుదు. 1761లో ఇంగ్లండు దేశపు పాలర్స్‌పరీ అను పల్లెలో పుట్టి, చెప్పులు కుట్టి జీవించి, 1793లో బెంగాలునకు వచ్చిన మిషనెరీ ఆయన. 1818లో తెలుగు క్రొత్త నిబంధన వెలువడినది ఆయన పనిచేసిన శ్రీరామపురపు ముద్రాలయము నుండియే. ఆయన తర్జుమాలను గూర్చి అనేకులు వ్రాసిరి. ఆయన ఇంటిలో పండ్రెండేండ్లు సాగిన రోగిసేవను గూర్చి వ్రాసినవారు తక్కువ.

ఆయన భార్య డొరతీ. 1781లో పెండ్లినాడు సంతకము చేయనేరక గుర్తు వేసిన పల్లెటూరి స్త్రీ. సముద్రము దాటుటకు ఆమెకు మనసు లేదు. చెల్లెలు తోడు వచ్చెదననిన మీదట, చంటిబిడ్డను ఎత్తుకొని ఓడ యెక్కెను. మరుసటి యేడు, 1794లో, మద్నాబాటిలో అయిదేండ్ల కుమారుడు పీటరు చనిపోయెను. ఆ పెట్టెను మోయుటకు మనుష్యులు దొరకుటయే కష్టమాయెను. 1795 నుండి డొరతీ మనస్సు చెదరెను. భర్త పరస్త్రీలను పొందుచున్నాడని నమ్మి, వీధిలో వెంటబడి కేకలు వేసెడిది. కొన్నిసార్లు ఆమెను గదిలో నుంచి తలుపు మూయవలసి వచ్చెను. ఆ కాలమున దీనికి మందు లేదు. ఆమెను తప్పుపట్టిన జీవితచరిత్రలు కొన్ని కలవు. అది నాకు న్యాయముగా తోచదు. జ్వరపడినవానిని ఒళ్లు కాలుచున్నదని నిందింతుమా?

పిచ్చాసుపత్రికి పంపుమని స్నేహితులు చెప్పినను కేరీ ఒప్పుకొనలేదు. ఇంటిలోనే ఉంచుకొనెను. పగలు ఉద్యోగము, రాత్రి తర్జుమా, ప్రక్క గదిలో ఆమె అరపులు. బిడ్డలను చూచువారు లేరు.

మార్కు సువార్త 2వ అధ్యాయములోని పక్షవాయువుగలవానిని నలుగురు మోసికొని వచ్చిరి. కేరీకి ఆ తక్కిన ముగ్గురు 1800 జనవరిలో శ్రీరామపురములో దొరకిరి: జాషువా మార్ష్‌మన్, ఆయన భార్య హన్నా, ముద్రాపకుడు వార్డు. వారందరిదీ ఒకే భోజనపు బల్ల, ఒకే ఖర్చు. హన్నమ్మగారికి బడి ఉన్నది, సొంత పిల్లలున్నారు. అయినను అదుపు లేక తిరుగుచున్న కేరీ కుమారులను చేరదీసెను. వార్డు పెద్దవాడైన ఫీలిక్సును ముద్రాలయములో తనయొద్ద పెట్టుకొనెను. వీరు రోగిని బాగుచేయలేదు, చేయనూ లేరు. రోగిని కనిపెట్టుకొని యున్న మనిషికి కొన్ని గంటలు విడిపించి యిచ్చిరి.

మన పల్లెలలో మంచము పట్టినవారి ఇంటికి మొదటి వారము అందరము పోయి ప్రార్థించుదుము. ఆరవ నెలలో ఎవరు పోవుదుము? ఆ ఇంటి కోడలు ఎన్ని ఆదివారములుగా గుడికి రాలేదో లెక్క పెట్టినవారున్నారా? ఒక ఆదివారము మనలో ఒకరు ఆ మంచము ప్రక్కన కూర్చుండి ఆమెను పంపవచ్చును. ప్రార్థనకు పోయినప్పుడు కాఫీ ఆమెచేత పెట్టించుకొనక, ఒక కూర వండి తీసికొని పోవచ్చును.

1800 డిసెంబరు 28న కృష్ణపాలు అను వడ్రంగి నదిలో బాప్తిస్మము పొందెను. ఏడేండ్ల ప్రయాసకు తొలి ఫలము. ఆ దినమందే ఒక ప్రక్క డొరతీ అరపులు, మరియొక ప్రక్క మతి చలించి మంచమున నున్న వైద్యుడు తామసుగారి కేకలు వినబడుచుండెను. కేరీ నీటిలో దిగి తన పని చేసెను.

డొరతీ 1807 డిసెంబరు 8న జ్వరముతో కన్ను మూసెను. హన్నమ్మగారు చేరదీసిన ఆ పిల్లలలో ఫీలిక్సు 1807లో బర్మాకును, జాబెజు 1814లో అంబోయినా దీవికిని సువార్తపనికి వెళ్లిరి.