రోడ్డెక్కని రెండు వేల కారు

నార్సింగి కూడలిలో బారులు తీరిన కార్లను చూసినప్పుడల్లా మాకు జి.డి. నాయుడు గారు గుర్తుకొస్తారు. ఆయన 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో తెలుగు రైతు కుటుంబంలో జన్మించారు. బడి చదువు అంతంతమాత్రమే. హోటల్లో సర్వరుగా కూడబెట్టిన డబ్బుతో మోటారు సైకిలు కొని, విప్పి, బిగించి, యంత్రవిద్య నేర్చుకున్నారు. 1920లో పొల్లాచ్చి-పళని మధ్య ఒకే ఒక్క బస్సుతో రవాణా వ్యాపారం ప్రారంభించారు. 1952లో రూ. 2,000కే రెండు సీట్ల కారు తయారుచేశారు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు, ఉత్పత్తి ఆగిపోయింది. జర్మనీవారి బీటిల్ కారు మాత్రం 2003 నాటికి 2 కోట్లు దాటింది. నాయుడు గారు 1974లో కన్నుమూశారు. కారు మిగల్లేదు గానీ, 1945లో ఆయన పూనికతో కోయంబత్తూరులో వెలసిన సాంకేతిక కళాశాల నేటికీ ఇంజనీర్లను తయారుచేస్తోంది. మిత్రులారా, హాస్టల్లో పాత ఫ్యాను విప్పి కూర్చునే తమ్ముళ్లను ఇకపై మేము కోప్పడం!