గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి : క్లౌ దొరగారి జీవితము

ఒంగోలుకు ఉత్తరముగా, గుండ్లకమ్మ నది ఒడ్డున వెల్లంపల్లి అనే చిన్న గ్రామమున్నది. అక్కడ కోటలు లేవు, పెద్ద కట్టడములు లేవు. ఆ ఊరికి గుర్తు ఆ నదియే. ఆ నదిని తెలుగు క్రైస్తవుల చరిత్రలో నిలిపినవారు జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు.

క్లౌగారు 1836 జూలై 16న అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమందు జన్మించారు. యౌవనములో భూమి సర్వే పని నేర్చుకొన్నారు. 1865లో బాప్టిస్టు మిషనెరీగా నెల్లూరు చేరి, 1866లో ఒంగోలు వచ్చారు. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘము ఏర్పడినది. అదే నెలలో దొరగారు తాళ్ళకొండపాడు వెళ్ళి 28 మందికి బాప్తిస్మమిచ్చారు. అక్కడ సువార్తకు దారి తీసినవాడు తోలు వ్యాపారి, మాదిగ కులస్థుడైన ఎర్రగుంట్ల పేరయ్యగారు.

తరువాత 1876లో ధాత కరువు వచ్చినది. వానలు లేవు, గింజలు లేవు. పల్లెలు పల్లెలే ఖాళీ అయ్యాయి. అప్పుడు ప్రభుత్వము కరువు పనిగా బకింగుహాము కాలువ త్రవ్విస్తున్నది. దానిలో కొన్ని మైళ్ళ పనిని దొరగారు కాంట్రాక్టు తీసుకొన్నారు. చిన్ననాడు నేర్చిన సర్వే విద్య ఆనాడు అక్కరకు వచ్చినది. బోధకులే మేస్త్రీలై తమ తమ పల్లెలవారిని కూడగట్టి పని చేయించారు. ఆకలితో వచ్చినవారికి పని, కూలి దొరికినవి. సాయంకాలము పని విడిచిన తరువాత అలసి కూర్చున్న వారికి బోధకులు వాక్యము చెప్పేవారు.

బాప్తిస్మము కోరినవారు వందలు, వేలు అయ్యారు. కాని దొరగారు ఒప్పుకొనలేదు. కూటి కొరకు వచ్చినవారెవరో, విశ్వాసముతో వచ్చినవారెవరో కరువు దినములలో తెలియదని ఆయన భయము. అన్నము కొరకు మతము పుచ్చుకొన్నారన్న నింద ఆ బీదల మీద పడకూడదని ఆయన తలంపు. సుమారు పదిహేను నెలలు ఒక్కరికైనను బాప్తిస్మమీయలేదు. బ్రతిమాలినవారిని త్రిప్పి పంపుట ఆయనకు సులభమైన పని కాదు.

1878 జూన్‌లో, ఇక ధనసహాయము లేదని తెలియజేసిన తరువాత కూడ జనులు వెల్లంపల్లికి వచ్చారు. బోధకులు ఒక్కొక్కరిని పరీక్షించారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మము పొందారు. జూలై 3న ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరు చొప్పున మార్చుకొనుచు, ఉదయము మొదలు సాయంకాలము వరకు ఆ పని నెరవేర్చారు. క్లౌగారు ఆ దినమున స్వయముగా ఎవరికిని బాప్తిస్మమీయలేదు. సంవత్సరాంతమునకు ఆ సంఖ్య 9,606కు చేరినది.

దొరగారు 1910లో అమెరికాలో నిద్రించారు. ఒంగోలులో ఆయన పేర ఆసుపత్రి వెలసినది.

ప్రియ చదువరులారా, మనము 2,222 అను సంఖ్యను తరచుగా చెప్పుకొంటాము. దాని వెనుకనున్న పదిహేను నెలల నిరీక్షణను మరచిపోతాము. ఎన్నడైనను వెల్లంపల్లి దారిని పోవునప్పుడు ఆ ఏటి ఒడ్డున ఒక్క నిమిషము నిలువండి. చేయి చాచిన ఆకలిగొన్నవానికి ముందు పని చూపి, తరువాత అతని విశ్వాసమును గౌరవించిన ఒక మనుష్యుని తలంచుకొనండి.