కొఠారి కనకయ్య నాయుడుగారు

సాయంకాలము బడి విడిచిన పిమ్మట మన మైదానమున బాలురు క్రికెట్టు ఆడుచుండగా మేము తరచు చూచుచుందుము. అందు నాయకుడెవ్వడని అడుగ నక్కరలేదు. బ్యాటు ఎవ్వనిదో వాడే నాయకుడు. వానిని ఔటు చేసినచో ఒప్పుకొనడు. నిర్బంధించినచో బ్యాటు చంకబెట్టుకొని యింటికి పోవును. చిత్తూరులో మా చిన్ననాడును ఇట్లే యుండెడిది. మన దేశము తొలిసారిగా టెస్టు పోటీకి దిగినప్పుడు పెద్దవారి నడుమ సైతము ఇంచుమించు ఇట్టి చిక్కే కలిగెను. అప్పుడు జట్టును నడిపినవారు తెలుగువారగు కొఠారి కనకయ్య నాయుడుగారు. సి. కె. నాయుడుగారని లోకము వారి నెరుగును.

నాయుడుగారు 1895వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన నాగపురమున జన్మించిరి. వారి పూర్వులు మచిలీపట్టణమునుండి వెడలి ఆ ప్రాంతమున స్థిరపడిన తెలుగువారు. చదివినది స్కాట్లండు మిషనువారి హిస్లాప్ పాఠశాలలో. అచ్చటి క్రికెట్టు జట్టునకు నాయకులుగా కూడ నుండిరి. మిషను బడిలో ఆట నేర్చినవారని చెప్పుకొనుటకు మాకు కొంత గర్వముగా నున్నదని దాచనేల?

1916లో వారు బొంబాయి పోటీలలో హిందువుల పక్షమున ఆడసాగిరి. ఆ కాలమున అచ్చట జట్లు మతమునుబట్టి యేర్పడుచుండెను. హిందువులొక జట్టు, పార్సీలొక జట్టు, మహమ్మదీయులొక జట్టు, ఐరోపావారొక జట్టు. దేశమున కంతకు ఒక జట్టనునది యరుదు. మన చిత్తూరు జిల్లా యేర్పడిన 1911లోనే పటియాలా మహారాజావారి నాయకత్వమున ఒక జట్టు ఇంగ్లాండునకు పోయెను గాని, దానికి టెస్టు పోటీలాడు అర్హత లేదు. ఆ యాత్రలో నూటికి మించి వికెట్లు తీసిన పల్వంకర్ బాలూగారు అంటరానిదని యెంచబడిన కులమున పుట్టుటచే, హిందువుల జట్టు నాయకత్వము వారి కెన్నడును దక్కలేదు. ఆటనుబట్టి గాక పుట్టుకనుబట్టి నాయకుని నిర్ణయించుట ఆనాటి మర్యాద.

1926 డిసెంబరు 1వ తేదీన బొంబాయి జింఖానా మైదానమున హిందువులు ఆర్థర్ గిల్లిగన్ దొరగారి ఎం. సి. సి. జట్టు నెదుర్కొనిరి. నాయుడుగారు రెండు గంటలైనను నిండకమునుపే 153 పరుగులు చేసిరి. అందు సిక్సర్లే 11. బంతి నేల తాకక హద్దు దాటుట ఈనాటి బాలురకు వింత కాదు; ఆనాడు అట్లు కొట్టువారు మిక్కిలి తక్కువ. ఈ దేశీయులు తమతో సరిసమానముగా నాడగలరని గిల్లిగన్ దొరగారు తలచి, దేశమున కంతకు ఒక సంఘమును స్థాపించుకొనుడని మనవారిని ప్రోత్సహించిరి. 1928లో అట్టి క్రికెట్టు సంఘము వెలసెను.

అయినను టెస్టు పోటీలలో మన ప్రవేశము నిశ్చింతముగా జరుగలేదు. 1930లో శాసనోల్లంఘన ఉద్యమము సాగుచుండుటచే ఇంగ్లాండు జట్టు ఇచ్చటికి రాక మానుకొనెను. 1932లో మన జట్టు అచ్చటికి పోవలసి వచ్చినప్పుడు గాంధీగారు చెరసాలలో నుండిరి. ఆ కారణమున విజయ్ మర్చంటుగారును ఎల్. పి. జైగారును పోవుటకు నిరాకరించిరి. గొప్ప ఆటగాడగు దులీప్‌సింహ్‌జీగారు అంతకుముందే ఇంగ్లాండు పక్షమున ఆడియుండిరి. ఇక నాయకుడెవరు? రాజవంశీయుడే కావలయునని పెద్దల యభిప్రాయము. పోరుబందరు మహారాజావారిని నాయకునిగను, లింబ్డి రాజకుమారుని ఉపనాయకునిగను నియమించిరి.

ఆ యాత్రలోని పెద్ద పోటీలలో మహారాజావారు చేసిన పరుగులు మొత్తము 2. అయినను మేము వారిని పరిహసింపము. తమ శక్తి యెంతయో తాము గుర్తెరిగి వారు స్వయముగా టెస్టు పోటీనుండి తప్పుకొనిరి. బ్యాటు తనదైనను ఇతరునిచేతి కిచ్చుట యెంత కష్టమో మన బాలుర కెరుకయే. లింబ్డి రాజకుమారుడు గాయపడెను. అందుచే నాయకత్వము నాయుడుగారికి వచ్చెను. రాజుకానివాని క్రింద, అందును కఠినమైన క్రమశిక్షణ గలవాని క్రింద, ఆడుటకు కొందరాటగాండ్రు సమ్మతింపక పోటీ ముందటి రాత్రి మొరపెట్టుకొనిరని చెప్పుదురు. మహారాజావారు చలింపలేదు.

1932 జూన్ 25వ తేదీన లండనునందలి లార్డ్స్ మైదానమున పోటీ మొదలయ్యెను. ఎదుటి పక్షమున మొదట ఆడవచ్చినవారు సట్క్లిఫ్, హోమ్స్ దొరలు. పదిదినములకు ముందే వీరిరువురు కలిసి 555 పరుగులు చేసి ప్రపంచమును ఆశ్చర్యపరచియుండిరి. మహమ్మద్ నిస్సార్‌గారు ఇరువురి వికెట్లను పడగొట్టిరి. వెంటనే లాల్‌సింగ్‌గారు వూలీ దొరను రనౌటు చేసిరి. 19 పరుగులకు మూడు వికెట్లు! బొంబాయిలో వేరువేరు జట్లుగా తలపడుచుండిన హిందువులు, మహమ్మదీయులు, పార్సీలు ఇచ్చట ఒక్క నాయకుని క్రింద నిలిచిరి. సిక్కులును వారితో నుండిరి.

జార్డిన్ దొరగారు నిలుకడగా నాడి తమ జట్టును 259కి చేర్చిరి. నాయుడుగారికి చేతికి దెబ్బ తగిలెను; అయినను ఆ చేతితోనే 40 పరుగులు చేసిరి. మన మొదటి ఆటలో అంతకు మించి చేసినవారు లేరు. జట్టు 189కి ముగిసెను. రెండవ యాటలో అమర్‌సింగ్‌గారు 51 చేసినను లాభము లేకపోయెను. 158 పరుగులతో ఓడిపోయితిమి. ఆ యాత్రయంతటిలో పెద్ద పోటీలందు నాయుడుగారు 1618 పరుగులు చేసి, 65 వికెట్లు తీసిరి. విజ్డెను అను ప్రసిద్ధ వార్షికగ్రంథము మరుసటి యేడు వారిని ఐదుగురు శ్రేష్ఠులైన ఆటగాండ్రలో నొకనిగా నెన్నుకొనెను.

1933లో ఇంగ్లాండు జట్టు మన దేశమునకు వచ్చినప్పుడును వారే నాయకులు. గెలుపు అప్పుడును రాలేదు. 1936 నాటికి మరల పాత మర్యాదయే వచ్చినది. ఈసారి నాయకులైన విజయనగర రాజకుమారులు కూడ తెలుగువారే. మూడు టెస్టులలో వారు చేసినవి 33 పరుగులు. నాయుడుగారు అలిగి ఇంట కూర్చుండలేదు, సామాన్య సభ్యునిగా ఆడిరి. ఓవల్ మైదానమున ఆలెన్ దొర వేసిన బంతి దేహమునకు బలముగా తాకినను, తిరిగి నిలువబడి 81 పరుగులు చేసిరి. అదియే వారి కడపటి టెస్టు. మొత్తము 7 టెస్టులు, 350 పరుగులు. మన దేశము టెస్టు పోటీ గెలిచినది 1952లోనే, మనకు దాపుననున్న మదరాసులో.

ఇందూరు హోల్కరు సంస్థానపు జట్టును వారు నాలుగుమారులు రంజీ విజేతగా నొనర్చిరి. ఏబదవ యేట తుదిపోటీలో 200 పరుగులు చేసిరి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్ర మేర్పడి మన జిల్లా అందు చేరెను. ఆ యేడే ఆంధ్ర జట్టు తొలిసారి రంజీ పోటీలలో అడుగిడెను. మచిలీపట్టణమును విడిచిపోయినవారి వంశీయుడు, 58 ఏండ్ల వయస్సున, ఆ జట్టునకు నాయకుడై వచ్చెను. 1956లో ప్రభుత్వమువారు పద్మభూషణ బిరుదము నొసగిరి. నాయుడుగారు 1967 నవంబరు 14వ తేదీన ఇందూరులో కాలధర్మము నొందిరి.