పత్తిపూల రసాయనవేత్త శేషాద్రి

నందవరము, ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతముల నల్లరేగడి చేలలో తరతరములుగా పండిన దేశవాళీ పత్తి పసుపుపూలు పూయును. అట్టి పూలరంగును అణువు వరకు వెంబడించిన శాస్త్రజ్ఞుడు తిరువెంగడం రాజేంద్రం శేషాద్రి.

1900లో కుళిత్తలైలో జన్మించిన శేషాద్రిగారు మాంచెస్టరులో రాబర్టు రాబిన్సను వద్ద పరిశోధించి డాక్టరు పట్టము గడించిరి. 1930 దశకమున వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు రసాయనశాఖకు సారథులైరి. యుద్ధభయముచే 1942లో పరిషత్తు గుంటూరునకు తరలినను వారి పరిశోధన ఆగలేదు.

పత్తిపూల రంజకములలో ముఖ్యమైనది గాసిపెటిన్. దాని అణువులో ఆరు హైడ్రాక్సిలు సమూహములు కలవు. అందు అయిదవ స్థానములోనిది ప్రక్కనున్న కార్బొనైలు ఆక్సిజనును హైడ్రోజను బంధముచే అణువులోనే గట్టిగా పట్టుకొనును. కనుక అది మిథైలీకరణమునకు త్వరగా లొంగదు. ఈ మర్మము నెరిగియే శేషాద్రిగారును, వారి శిష్యులును కోరిన సమూహములను మాత్రమే మార్చి, పెక్కు రంజకముల నిర్మాణమును తేల్చిరి.

ఈ పట్టు అణువు లోపలిదా, అణువుల నడిమిదా అనుటను బట్టి పదార్థగుణములు మారును. నైట్రోఫినాలులే ఇందుకు తార్కాణము. ఆర్థో రూపము తనలో తాను ముడివడుటచే సుమారు 45 డిగ్రీల సెంటిగ్రేడునకే కరగును. నీటియావిరితో కలిసి వెడలివచ్చును. పారా రూపమున అణువులు ఒండొంటిని పట్టుకొనుటచే, అది కరగుటకు సుమారు 114 డిగ్రీలు కావలెను. రెంటియందును పరమాణువులు అవియే. ముడిపడిన చోటు వేరు.

శేషాద్రిగారు 1949లో ఢిల్లీ విశ్వవిద్యాలయమునకు వెళ్లిరి. 1960లో రాయల్ సొసైటీ సభ్యత్వము, 1963లో పద్మభూషణ్ పొంది, 1975లో కీర్తిశేషులైరి. వాల్తేరులో వారివద్ద చదివిన ఆంధ్రవిద్యార్థులు తామును ఆచార్యులై, ఆ విద్యను తరువాతి తరమున కందించిరి.